కుక్కరు పైన కట్టిన చీర పీలిక

మా మనవరాలికి రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి. తమిళమైనా తెలుగైనా ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. తను మాట్లాడితే మాత్రం కొత్తవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. అందుకని బస్సులో, కొట్టులో, ఆస్పత్రిలో దాని మాటలన్నీ నేనే చెప్పేదాన్ని. పెద్దవాళ్లుండగా ఆడపిల్ల బదులు చెప్పడం మా ఇళ్లలో ఎలాగూ లేదు. నాకది తప్పనిపించలేదు.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. అది ఎమ్మెస్సీ ముగించి, పరిశోధన చేస్తానని ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టింది. మేముండే తమిళ ఊళ్లో, ఒర్లియంపేటలో, మా పక్కింటావిడ ఊరుకుంటుందా?

"వినపడని బిడ్డకు సైన్సేందిక్కా? టైలరింగ్ నేర్పించు."

"నీ బిడ్డకు నేర్పించుకో. చెవులుండీ అది ఏం చేస్తా ఉండాది?" అన్నాను.

ఇంటర్వ్యూ రోజు ఆటో దండగని బస్సులోనే వెళ్లాం. పిలవగానే నేనూ లోపలికి వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. ఒక మేడమ్, ఒక సారు ఉన్నారు. మాటలన్నీ తమిళంలోనే. సారు మొదటే చెప్పేశాడు, గొట్టాలు గిర్రున తిప్పే యంత్రం ఉందట, పని ముగిసినా తేడా వచ్చినా కూత పెడుతుందట. ఆ కూత వినపడని మనిషిని తీసుకోవడం కష్టమన్నాడు.

"అయ్యా, మా పాప ఎవరికీ ఎదురు చెప్పదు, చెప్పిన పని చేస్తుంది, వంట కూడా బాగా చేస్తుంది" అని పెళ్లిచూపుల్లో చెప్పినట్టు చెప్పుకుపోయాను.

మేడమ్ చెయ్యెత్తి, తమిళంలో అవ్వని పిలిచినట్టు పిలిచింది. "పాటీ, మీరు కొంచెం సేపు గమ్మునుండండి. ఆమెనే చెప్పనీయండి."

నన్ను గమ్మునుండమన్న మనిషి అంతవరకు పుట్టలేదు. లేచి పోదామనిపించింది. సీటు పోతుందని పళ్లు బిగించి కూర్చున్నాను.

మనవరాలు మెల్లగా మొదలుపెట్టింది. "ఇంట్లో కుక్కరు విజిల్ నాకు వినపడదు. మా అవ్వ పాత చీర అంచు చించి పైన అలమరకు కట్టింది. విజిల్ వస్తే ఆవిరికి అది ఎగురుతుంది. ఎన్నిసార్లు ఎగిరిందో చూసి స్టవ్ ఆపుతాను. మీ మెషిన్‌కు ఒక లైటు పెట్టండి. నేను చూసుకుంటాను."

రెండుచోట్ల మాట అర్థం కాక మేడమ్ మళ్లీ అడిగింది. అది మళ్లీ చెప్పింది. ఆమె తొందరపెట్టలేదు.

"లైటు పెట్టొచ్చు కదా సార్?" అని మేడమ్ ఆయన వైపు తిరిగింది.

"పెట్టొచ్చు. ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడాయన.

పప్పు మాడితే నాకు ఒళ్లు మండుతుందని కట్టిన పీలిక అది. చిరిగిన చీరను పారెయ్యడం నా చేత కాదు. దాని సంగతి అంత పెద్ద గదిలో చెప్పుకుంటారని కలలోనైనా అనుకోలేదు.

సీటు వచ్చింది. ఇప్పుడు మూడో ఏడు. యంత్రం మీద ఎర్ర లైటు పెట్టారు. గదిలో గోల ఎక్కువగా ఉంటే మిగతా పిల్లలూ దాన్నే చూస్తారట. ఆ మేడమ్‌కు సీటు ఇచ్చినందుకు ఒక దండం పెడితే, నా నోరు మూయించినందుకు రెండు పెడతాను. ఇరవై ఏళ్లకు పైగా నా గొంతు అడ్డం పెట్టి, దాని గొంతు ఎవరికీ వినపడనివ్వలేదు నేను.

ఈమధ్య నాకూ చెవులు మందగించాయి. మొన్న పప్పు పెట్టి చిక్కుళ్లు తుంచుతుంటే, అది గుమ్మంలోంచి అరిచింది.

"అవ్వా, పీలిక అయిదుసార్లు ఎగిరింది! యాడ చూస్తా ఉండావు?"

స్టవ్ ఆపి, పీట జరుపుకుని, పీలిక కనపడేలా కూర్చున్నాను.