ఉయ్యాల తాడు

ఓడరేవులో గురునాథరావుది చేతులతో మాట్లాడే ఉద్యోగం. ఓడ అంచున నిలబడి అతను అరచెయ్యి కిందికి ఊపితే, పైన క్రేనులో కూర్చున్న మనిషి ఇనప దిమ్మల్ని మెల్లగా దించుతాడు. పిడికిలి బిగిస్తే ఆపేస్తాడు. ఇంట్లోనూ అతనికి మాట తక్కువే. భార్య జ్యోతిర్మయికి నెలలు నిండాయి. పుట్టకముందే కొత్తవి కొనకూడదని అతని తల్లి సన్యాసమ్మ పాత నూలు చీరలు ఉతికి, ఒక్కొక్కటీ చెంపకి రాసుకుని చూసి, మెత్తనివి ఏరి పెట్టింది. ఉయ్యాలకి తాడు కూడా ఇంట్లో ఉందిలే అంది. "సీరైతే పాతదే మెత్తన. తాడు మాత్రం పాతదొద్దమ్మా, లోపలెలాగుందో కనపడదు. నాను కొత్తది తెత్తాను," అన్నాడతను. వన్ టౌన్ బజారుకి వెళ్ళి, తాళ్ళ కట్టలన్నీ విప్పించి, పేటలు వేళ్ళతో విడదీసి చూసి ఒకటి తెచ్చాడు. ఇంటి కప్పు కొక్కేనికి కట్టి, బియ్యం బస్తా వేలాడదీశాడు. "ఏట్రా ఇది? పుట్టేది పిల్లా, ఓడ సరుకా?" అని సన్యాసమ్మ నవ్వింది. అతను నవ్వలేదు. మర్నాటి దాకా బస్తా దించలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల్లో వేసే రోజు సన్యాసమ్మ బిడ్డని రెండు చేతుల్లో పట్టుకుని వంగింది. ఎదురుగా గోడకి ఆనుకున్న గురునాథరావు చెయ్యి తనంతట తానే పైకి లేచి, మెల్లగా, ఇంకా మెల్లగా కిందికి ఊగింది. సన్యాసమ్మకి రేవు సైగలు తెలీవు; అయినా ఆ చేతినే చూస్తూ దించింది. బిడ్డ చీరలో ఒదిగింది. బస్తాని మోసిన తాడు బిగుసుకోనైనా లేదు. రేవులో అయితే బరువు ఆనగానే పిడికిలి బిగించాలి. అతని చెయ్యి గాలిలో అలాగే తెరుచుకుని ఉండిపోయింది.