సవేత చేతిలో కొవ్వొత్తి

జంఫీరా ఇటలీలో ఒక ముసలమ్మకు తిండి తినిపించి, ఒళ్ళు తుడిచి బతికే మనిషి. మా రొమేనియా పల్లెల్లో సగం మంది ఆడవాళ్ళది అదే పని. వీసా అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు, బస్సెక్కితే చాలు. ఆహా, ఏం స్వేచ్ఛ! ఎక్కడికైనా పోవచ్చు, సొంతింట్లో మాత్రం ఉండలేం.

తల్లి సవేత మంచం పట్టిందని చెల్లెలు రుక్సాందా ఫోన్ చేసింది. మా వైపు ప్రాణం పోయేటప్పుడు చేతిలో వెలిగే కొవ్వొత్తి ఉండాలి. లేకపోతే ఆ లోకంలో చీకట్లో తడుముకుంటూ తిరగాలని భయం. అది పెద్ద కూతురే పట్టించాలని సవేత పట్టు. జంఫీరా తన బదులు దొమ్నికా అనే ఊరిమనిషిని పనిలో నిలబెట్టి పరుగెత్తుకొచ్చింది.

తీరా కూతురి ముఖం చూడగానే ముసలిదానికి ప్రాణం లేచొచ్చింది. మొక్కజొన్న సంకటి అడిగి మరీ తింది. జంఫీరా మొదట సంతోషంతో ఏడ్చింది. తర్వాత ఆ సంతోషం పోయింది. ఇటలీ యజమానురాలి నుంచి ఫోన్ మీద ఫోన్.

"ఇంకా పోలేదా మీ అమ్మ? దొమ్నికా బాగానే చేస్తోంది, నాకేం? ఆదివారానికి రాకపోతే నీ సామాను మెట్ల మీద ఉంటుంది. మీకు సరిహద్దులా పాడా, బస్సెక్కి వచ్చెయ్!"

ఆ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు, తల్లికి మందులూ రావు. బస్సు మర్నాడు పొద్దున్నే. ఆ సాయంత్రం సవేత ఇంకాసిని పాలు పొయ్యమంటే జంఫీరా నోరు జారింది.

"ఎన్నాళ్ళమ్మా ఇలా? పోయేదానివైతే పోవచ్చుగా! నన్నెందుకు చంపుతున్నావు?"

"ఛీ, నోర్ముయ్యవే అక్కా!" అని రుక్సాందా అరిచింది.

సవేత కోప్పడలేదు. పాలగ్లాసు పక్కకు నెట్టింది.

"నిజమేలేవే. నీ బస్సు తప్పిపోతుంది. ఆ కొవ్వొత్తేదో ఇప్పుడే పెట్టు, చూస్తా."

జంఫీరా పెట్టింది. ఆ పాపిష్టిది నిజంగానే పెట్టింది! తల్లి కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టింది. మైనం వేళ్ళ మీద కారినా కదల్లేదు. చివరికి దగ్గొచ్చింది.

"పోవడం లేదే తల్లీ, ఏం చెయ్యను?" అని సిగ్గుపడింది ముసలిది.

తెల్లారి జంఫీరా తల్లి నుదురు ముద్దుపెట్టుకుని బస్సెక్కింది. పొద్దు వాలే వేళకు బస్సు హంగరీలోకి దాటింది. ఎవరూ ఆపలేదు. అప్పుడు రుక్సాందా ఫోన్ చేసింది.

"పాలు కాచడానికి వెళ్ళానక్కా. వచ్చేసరికి అమ్మ పోయింది. చేతిలో ఏమీ లేదు."

జంఫీరా గొల్లుమంది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "ఏమైందమ్మా? దిగుతావా? వెనక్కి వెళ్ళే బస్సు దొరుకుతుంది, ముందు ఊళ్ళో ఆపుతా," అన్నాడు.

ఆమె ముక్కు తుడుచుకుంది.

"వద్దు బాబూ, పోనియ్యి. ఆదివారానికి అక్కడుండాలి."