నాలుగు సెకన్ల ఖాళీ

మా ఆయన సౌండ్ రికార్డిస్టు. ఇరవై ఎనిమిదేళ్లుగా కిటికీల్లేని గదిలో కూర్చుని పరాయివాళ్ల గొంతులు శుభ్రం చేయడమే ఆయన పని. వీధి మలుపులో స్కూటర్ ఆగితే అది ఎవరిదో చెప్పేస్తారు. వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం ఆ చెవులకు వినపడదు.

మా ఆడపడుచు అదే స్టూడియోలో ట్రాక్ పాడేది. పేరున్న గాయని రాకముందే పాట మొత్తం ఒకసారి పాడి పెట్టడం తన పని. గాయని హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆ గొంతు వింటూ పాడుతుంది. టేక్ ఓకే కాగానే ట్రాక్ చెరిపేస్తారు. ఇరవయ్యేళ్లు పాడింది. చెరిపింది సొంత అన్నయ్యే.

"అన్నయ్యా, ఒక్క పాటలోనైనా నన్ను ఉంచరాదూ? నలుగురూ వింటారు" అనేది.

"చూద్దాంలే" అనేవారు ఈయన. చూద్దాంలే అనడంలో మా ఆయన్ని మించినవాళ్లు లేరు.

పోయిన ఏడు ఒక పాటకు ట్రాక్ పాడిన నాలుగు రోజులకే ఆడపడుచు గుండె ఆగి పోయింది. నలభై రెండేళ్లు. తర్వాత రెండు వారాలకు గాయని వచ్చి ఆ ట్రాక్ వింటూనే పాడింది. చాలా బాగా పాడింది. ఈయన "ఓకే" అన్నారు. అన్నారో లేదో, ఎన్నేళ్ల అలవాటో, చెయ్యి తనంతట తనే వెళ్లి చెల్లెలి ట్రాక్ చెరిపేసింది. దాన్ని దాచుకోవాలనుకుంటూనే ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన మనిషి.

ఇక మనిషి మనిషిలా లేరు. భోజనం మధ్యలో చెయ్యెత్తి "ష్" అనేవారు. ఫ్యాన్ ఆపేవారు, కుళాయి కట్టేసేవారు. "వినపడుతోందా?" అని నా మొహంలోకి చూసేవారు. నాకు భయం వేసేది, ఆ భయానికి ఒళ్లు మండేది. "పోయింది మీ చెల్లెలు. నేనింకా ఉన్నాను" అని ఒకసారి అనేశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఒక మధ్యాహ్నం స్టూడియోకు రమ్మని ఫోన్ చేసి, నా తలకు హెడ్‌ఫోన్ పెట్టారు. రెండో చరణంలో గాయని గొంతు బాగా పైకి వెళ్లి, అక్కడ ఆగింది. నాలుగు సెకన్ల ఖాళీ. ఆ ఖాళీలో, గోడ అవతల నుంచి వచ్చినట్టు, మా ఆడపడుచు సన్నగా తీసిన రాగం. తర్వాతి లైను ఎత్తుకోవడానికి గుర్తుగా తను పాడిన ఆ రాగం గాయని హెడ్‌ఫోన్‌లోంచి బయటికొచ్చి మైకులో పడిందట. మళ్లీ వేయమన్నాను.

"ఇంతే మిగిలింది" అన్నారు.

ఆ పాట సోలో గాయకులకిచ్చే జాతీయ అవార్డుకు వెళ్తోంది. పాటలో మరో గొంతు లేదని రికార్డిస్టు సంతకం చేయాలి. ఇలాంటి ఖాళీల్లో పడ్డ శబ్దాలన్నీ కత్తిరించేది ఈయనే. కత్తిరించకుండా సంతకం పెట్టి దొరికిపోతే గాయని అవార్డూ పోతుంది, ఈయన ఉద్యోగమూ పోతుంది.

"ఒక కాపీ ఇంట్లో పెట్టుకుని, దీన్ని శుభ్రం చేసెయ్యండి" అన్నాను.

"ఇంట్లో పెట్టమని కాదే అది అడిగింది" అన్నారు.

ఖాళీని ముట్టుకోకుండానే సంతకం పెట్టారు. అవార్డు వచ్చింది. ఇళ్లలో ఉండే చిన్న స్పీకర్లలో ఆ రాగం తేలదు. అవార్డిచ్చే హాల్లో మనిషెత్తు స్పీకర్లుంటాయి. ఈయన ఆ రోజు కోసమే కాచుక్కూర్చున్నారు.

మాకు మూడో వరసలో సీట్లిచ్చారు. గాయని స్టేజీ ఎక్కుతుంటే పాట వేశారు. రెండో చరణం మొదలవగానే ఈయన నా చెయ్యి పట్టుకున్నారు, ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా. గొంతు పైకి వెళ్లింది, ఆగింది. సరిగ్గా అక్కడ హాలంతా చప్పట్లు కొట్టింది.

మా ఆయన సగం లేచి, ముందు వరసవైపు రెండు చేతులూ చాచారు.

"కాస్త ఆగండి బాబూ, మా చెల్లెలు పాడుతోంది."

ముందు సీటాయన వెనక్కి తిరిగారు. స్టేజీ మీద గాయనిని చూసి, ఈయన్ని చూసి నవ్వారు. "మీ చెల్లెలా? అదృష్టవంతులండీ" అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.