అయిదో బొత్తాం

డిసెంబరు పదమూడో తేదీ, శనివారం, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు మనవరాలి బొంతను ఎండలో వేద్దామని మేడ మీదికి తీసుకెళ్లి దులిపాను. ఠక్కుమని ఏదో కింద పడి, దొర్లుకుంటూ వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన ఆగింది. మోకాళ్లు పట్టుకుని వంగి తీశాను. శనగపప్పంత తెల్ల బొత్తాం, నాలుగు కన్నాలది. బొంతలకు బొత్తాలుండవు. ఎండ తగిలిన పాత నూలుచీరల వాసన ముక్కుకు సోకింది. ఆ వాసనతోపాటు యాదమ్మ గొంతు కూడా వినిపించినట్టయింది. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. దాదాపు నాలుగేళ్లుగా నా నోటుపుస్తకంలో 'దొరకనివి' అన్న చోట రాసి ఉన్నది ఈ బొత్తామే.

యాదమ్మను ఎరగనివాళ్లకు ఆమె గురించి కొంచెం చెప్పాలి. శామీర్‌పేట దాటాక అలియాబాద్ దగ్గర మా కాలనీ కొత్తది. వీధి చివర ఆమె పెంకుటిల్లు పాతది. కాలనీయే వచ్చి ఆమె చుట్టూ చేరింది, ఆమె ఎక్కడికీ కదల్లేదు. ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆ ఇంటి పాత చీరలు ఆమె దగ్గరికి వెళ్లి బొంతగా తిరిగొచ్చేవి. నేను గోదావరి జిల్లాలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అల్లుడు మేడ్చల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తాడు. అతనితో, మా అమ్మాయి మాధవితో ఉండటానికి ఇక్కడికి వచ్చాను. వచ్చిన మొదటిరోజే గేటు దగ్గర నిలబడి, "ఏం జేస్తున్నవ్ టీచరమ్మ, తిన్నవా?" అంది యాదమ్మ. ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను నువ్వు అనడం నాకు పదిహేను రోజుల దాకా మింగుడుపడలేదు. ఆమె ఎవరితోనైనా అలాగే మాట్లాడుతుందని తర్వాత తెలిసింది. ఏ సంవత్సరంలో పుట్టావని అడిగితే "చెరువు అలుగు పారిన ఏడు" అనేది. ఏ చెరువు, ఎన్నిసార్లు పారింది అని అడిగితే నావైపు జాలిగా చూసేది.

మేమెవరం ఈ కాలనీకి రాకముందు, మాధవికి మొదటిసారి నెల తప్పినప్పుడు నేను జాబితా రాసుకుని పని మొదలుపెట్టాను. స్వెట్టరు, టోపీలు, జుబ్బాలు, మేజోళ్లు, అన్నీ కలిపి పదకొండు. ఆగస్టు రెండో తేదీన ఆఖరిది ముగించి పుస్తకంలో టిక్కు పెట్టాను. ఆగస్టు పదకొండున, ఏడో నెలలోనే, ఆడపిల్ల పుట్టి పోయింది. ఎంతో ఆశగా ఆసుపత్రికి పట్టుకెళ్లిన ఆ పదకొండూ తిరిగి ఇంటికి తీసుకురాలేదు. రెండేళ్లకు మళ్లీ కడుపు పండినప్పుడు మాధవి నా రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, ఈసారి పిల్ల పుట్టేదాకా ఇంట్లో ఒక్క గుడ్డముక్క కూడా నా కంటపడకూడదు. కొనొద్దు, కుట్టొద్దు, అల్లొద్దు. మాటివ్వు" అంది. ఇచ్చాను. ఆరో నెల దాకా నిలబెట్టుకున్నాను కూడా. ఆ తర్వాత నా వల్ల కాలేదు. పిల్ల చలికాలంలో పుడుతుంది. ఒంటి మీదికి ఏముంటుంది? నా మోకాళ్లకు ఒక బొంత కుట్టుకుంటున్నానని అబద్ధం చెప్పి, రోజూ రెండున్నరకు యాదమ్మ ఇంటికి వెళ్లి నాలుగున్నరకు తిరిగొచ్చేదాన్ని. మొత్తం డెబ్భై ఒక్క మధ్యాహ్నాలు.

ఆ డెబ్భై ఒక్కటిలో ఆమె నన్ను విసిగించని మధ్యాహ్నం ఒక్కటి కూడా లేదు. మొదటి జుబ్బా కుట్టి గర్వంగా ఆమె చేతికిచ్చాను. మడతలన్నీ లోపలికి పోయి, పైకి ఒక్క పోగైనా కనిపించదు. ఆమె దాన్ని తిరగేసి, లోపలి అతుకును తన చెంపకేసి రుద్దుకుంది.

"గిదేంది టీచరమ్మ, గోనెసంచి కుట్టినట్టు కుట్టినవ్?"

"పైకి చూడు, ఎక్కడైనా వంకర ఉందా?"

"పైకి మస్తుగున్నది. పిల్ల పైన ఉంటదా, లోపట ఉంటదా?"

"అతుకులు బయటికి పెడితే నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురికీ గీ జుబ్బా పడతదా?"

నేను మూడు గంటలు కుట్టినదాన్ని నాలుగు నిమిషాల్లో విప్పేసింది. అతుకులన్నీ బయటికి వచ్చేలా నా చేతే మళ్లీ కుట్టించింది. స్వెట్టరు దగ్గరా ఇదే గొడవ. నేను టేపుతో కొలిచి అరవై నాలుగు కుట్లు వేసుకుంటే, ఆమె అల్లిక మీద తన జాన పరిచి "ఎక్కువైంది, నాలుగు తియ్యి" అనేది. జాన అందరికీ ఒకలా ఉండదని చెప్పాను. "గీ జానతోనే ఊరందర్నీ కొలిచిన. ఎవ్వరు వాపస్ ఇయ్యలే" అంది. ఓ రోజు ఆమె మాటల్లో ఉండగా ఆ జాననే టేపుతో కొలిచి, పంతొమ్మిదిన్నర సెంటీమీటర్లని రాసుకున్నాను. మర్నాడు అరవై కుట్లతో మళ్లీ మొదలుపెట్టాను. నా పదో నంబరు అల్లిక సూదుల్లో ఒకదాంతో ఆమె వీపు గోక్కుని ఎక్కడో పారేసింది. అది ఇప్పటికీ దొరకలేదు.

డిసెంబరు రెండో వారానికి ఆరు తయారయ్యాయి. స్వెట్టరుకు అయిదు బొత్తాలు, మూడు జుబ్బాలకు మూడేసి, రెండు టోపీలకు గడ్డం కింద ఒక్కొక్కటి. మొత్తం పదహారు. అన్నీ యాదమ్మ ఇంట్లోనే రేకు పెట్టెలో పెట్టి వచ్చేదాన్ని. ఒకరోజు లెక్కపెడితే పదిహేను. మర్నాడు పద్నాలుగు. దారం తెగిన చోట సాఫుగా ఉంది. ఎలుకలనుకున్నాను, కోళ్లనుకున్నాను, నా కళ్లనే అనుమానించాను. చివరికి ఒకరోజు పావుగంట ముందుగా వెళ్లాను. యాదమ్మ గుమ్మంలో కూర్చుని స్వెట్టరు అయిదో బొత్తాం దారాన్ని పళ్లతో కొరుకుతోంది. అప్పటికే ఆమె కొంగు ముడిలో అయిదు చేరాయి.

"యాదమ్మా! ఏం చేస్తున్నావ్?"

"కండ్ల ముంగటనే చేస్తున్న గద." ఆరో దాన్ని కూడా ముడిలో వేసుకుంది. "అన్ని తయారైతే లోపటున్న పిల్లకు ఎరుకైతది. ఇగ నా సామాన్ సిద్ధమైందని జల్దీ బయల్దేరుతది. ఒక్కొక్క దాంట్ల ఒక పని మిగల్చాలె. అప్పుడు ఆగుతది."

ఇంకెవరు చెప్పినా నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. పదకొండులోంచి రెండు తీసేస్తే తొమ్మిది. ఆగస్టు రెండున నేను టిక్కు పెట్టిన తొమ్మిదో రోజున ఆ పిల్ల వచ్చింది. ఆ తీసివేతను రెండేళ్లుగా రోజూ మనసులో చేస్తూనే ఉన్నాను. ఎవరితోనూ అనలేదు. వీధి మొత్తం వినపడేలా అరిచాను. "అయితే దాన్ని నేనే తొందరపెట్టానంటావా? నేనే చంపుకున్నానంటావా?"

మొదటి పిల్ల సంగతి యాదమ్మకు అప్పటిదాకా తెలియదు. నేను తేదీలతో సహా చెబుతుంటే వక్క నమలడం ఆపేసి వింది. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"గదంతా ఉత్త మాట టీచరమ్మ. మా అవ్వ చెప్పింది, నేను చెప్తున్న. నీ కుట్టు చూసి ఏ పిల్లన్న ఉరికొస్తదా? నీతోని గాలే గది."

ముక్కు తుడుచుకున్నాను. సూదిలో దారం ఎక్కించి స్వెట్టరు అందుకున్నాను.

"గుండీ మాత్రం కుట్టకు" అంది.

అలాంటి మనిషితో ఏం వాదిస్తాం? కుట్టలేదు.

జనవరి నాలుగో తేదీ మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, నేను ఇంట్లో మరిచిపోయిన ఫోను ఇద్దామని మాధవి నిండు పొట్టతో మెల్లగా నడుచుకుంటూ యాదమ్మ గుమ్మంలోకి వచ్చింది. స్వెట్టరు నా ఒళ్లోనే ఉంది. దాచడానికి కొంగు కూడా అందలేదు. మాధవి మొహం తెల్లబోయింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడి, "మాటిచ్చావమ్మా" అంది. ముప్పై మూడేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని, నేనే పట్టుబడ్డాను.

యాదమ్మ నా ఒళ్లోంచి స్వెట్టరు లాక్కుంది.

"గిది తయారైతే గద బిడ్డా నువ్వు పరేషాన్ అయ్యేది! మూడు నెల్ల సంది గుంజుతాంది మీ అమ్మ. గుండీలు గూడ కుట్టరాదు. లెక్కల టీచరంట! కాజాలు అయిదు, గుండీలు నాలుగు. నమ్మకుంటే నువ్వే లెక్కపెట్టుకో."

మాధవి వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. యాదమ్మ రేకు పెట్టె తెరిచి మూడు జుబ్బాలూ రెండు టోపీలూ ఆమె ముందు పరిచింది. దేన్ని చూసినా ఒక బొత్తాం తక్కువ.

"అన్నీ ఇంతేనా?"

"అన్ని గింతే."

"అయితే ఇంకా ఏదీ పూర్తి కాలేదన్నమాట."

"యాడ అయితది? నీ బిడ్డ వచ్చేదాక గీమె గిట్ల కూసుండుడే."

మాధవి బొంతల కుప్ప మీద కూర్చుంది. స్వెట్టరును తన పొట్ట మీద పరిచి, ఆ ఖాళీ కాజాలో వేలు పెట్టి చూసింది. నవ్వు మొదలై మధ్యలో ఏడుపైంది, మళ్లీ నవ్వైంది. ఆ రెండేళ్లలో పసిపిల్లల బట్టను ఆమె చేత్తో తాకడం నేను చూడటం అదే మొదటిసారి. నా ఉద్యోగం మీద యాదమ్మ వేసిన నిందను నేను నోరెత్తకుండా భరించాను.

జనవరి పంతొమ్మిది, ఉదయం పదకొండు ఇరవై ఐదుకు మనవరాలు పుట్టింది. నెలలు నిండాయి. బరువు రెండు కిలోల తొమ్మిది వందలు. మేం ఇంటికి రాగానే యాదమ్మ బొంత చంకన పెట్టుకుని వచ్చి, కొంగు ముడి విప్పి నా అరచేతిలో బొత్తాలు పోసింది. లెక్కపెట్టాను. అయిదు.

"ఇంకోటేది?"

"పోలే. ఉన్నకాడ ఉన్నది. పిల్ల ఇంక పెరగాలె గద, గప్పుడే అన్ని అయిపోతయా?"

మూడు జుబ్బాలూ రెండు టోపీలూ పూర్తయ్యాయి. స్వెట్టరు అలాగే ఉండిపోయింది. పిల్ల ఫొటోలన్నింటిలోనూ ఆ అయిదో కాజా నోరు తెరుచుకుని నన్ను వెక్కిరిస్తూ ఉంటుంది. అలాంటిదే ఇంకో బొత్తాం కోసం మేడ్చల్‌లో రెండు దుకాణాలు తిరిగాను, దొరకలేదు. యాదమ్మను అడుగుతూనే ఉన్నాను. మొన్న ఆగస్టులో ఒక ఆదివారం కూడా అడిగాను. "నేను సస్తే గూడ అడుగుతవా?" అంది. "అడుగుతాను" అన్నాను. ఆ బుధవారం ఆమెకు జ్వరం వచ్చింది, శుక్రవారం మనిషే పోయింది. నేను చెప్పవలసిన మాటలు వేరే చాలా ఉన్నాయి. చివరికి ఆమెతో అన్నది అదొక్కటే.

మేడ మీద కూర్చుని బొంత మూలను కళ్లద్దాలతో చూశాను. పిల్ల తల పెట్టుకునే వైపు, రెండు పొరల మధ్య, చిన్న గుడ్డసంచి. దగ్గర దగ్గరగా ఆమె వేసిన కుట్లు అరిగి తెగాయి. ఈ బొంత కుట్టు వరసలు నేను లెక్కపెట్టాను, నూట పద్దెనిమిది. అయినా చేతికి తగల్లేదు. ఒక్క మాట చెప్పి ఉంటే నాలుగేళ్ల రభస తప్పేది.

మాధవి పైకి వచ్చి చూసి, బొత్తాన్ని తన అరచేతిలోకి తీసుకుంది. "స్వెట్టరుకు కుట్టేస్తావా అమ్మా?" అని అడిగింది. స్వెట్టరు ఇప్పుడు పిల్ల బొమ్మకు తొడుగుతున్నాం. బొత్తాన్ని బొంత మూల ఆ గుడ్డసంచిలోనే పెట్టి కుట్టేశాను, అతుకు బయటికి ఉండేలా. ఇప్పుడు కాలనీలో పుట్టబోయే పిల్లలకు నేనే జుబ్బాలు కుడుతున్నాను. ఒక బొత్తాం తక్కువైందని తల్లులు ఫోన్ చేస్తారు. పుట్టాక వచ్చి తీసుకెళ్లమంటాను. ఎందుకని అడిగితే యాదమ్మ మాటే చెప్పాల్సి వస్తుంది, అది నాకు ఒళ్లు మంట.

కిందికి వచ్చి పుస్తకం తీశాను. 'దొరకనివి' కింద బొత్తాన్ని కొట్టేసి, పేజీ కింద మళ్లీ మొత్తం వేశాను. పదో నంబరు అల్లిక సూది, ఒకటి. మొదటిసారి చేసిన వస్తువులు, పదకొండు. మొదటి పిల్ల, పేరు పెట్టలేదు. యాదమ్మ. బొత్తాలు, ఏవీ పోలేదు.