ప్రార్థన మధ్యలో గంటలు

పాలకొల్లులో మావారు, నేను కంప్యూటర్లు అమ్మి, సర్వీసు చేసే చిన్న షాపు పెట్టిన కొత్తలో జరిగింది. ఒక్కో కంప్యూటర్లో అన్నీ ఎక్కించేసరికి సగం రోజు పట్టేది. అందుకని మావారు ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, అందులో ఉన్నదంతా మిగతావాటిలోకి కాపీ చేయడం నేర్చుకున్నారు.

ఏ ఆర్డరు వచ్చినా మొదటి కంప్యూటరుకి మా అత్తగారు పూజ చేసేవారు. ఆవిడ పుట్టిల్లు పెద్దాపురం. ఆవిడ కోసం మావారు తెర మీద ఆ ఊరి మరిడమ్మవారి బొమ్మ పెట్టి, ఆన్ చేయగానే గంట మోగేలా చేసేవారు. కాపీ చేసేముందు రెండూ తీసేసేవారు. నరసాపురం దగ్గర ఒక మిషన్ స్కూలు ఆర్డరుకి మాత్రం తీయకుండానే కాపీ చేసేశారు.

ప్రారంభోత్సవానికి మేమిద్దరం వెళ్లాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. టీచరుగారు ముందే వరసగా అన్నీ ఆన్ చేసేశారు. అవి మెల్లగా స్టార్టయ్యేసరికి ప్రార్థన మధ్యకొచ్చింది. ఒకదాని వెనక ఒకటి గంటలు మోగాయి. కళ్లు తెరిస్తే ప్రతి తెర మీదా అమ్మవారే. స్కూలు ఆర్డర్లు ఇక రావనుకున్నాను.

"ఏంటండీ ఇది?" అన్నారు పాస్టరుగారు మావారితో.

"మా అమ్మ పూజ చేసిందండి. తీయడం మర్చిపోయాను."

ఆయన మళ్లీ కళ్లు మూసుకుని, ఆమెన్ చెప్పి ముగించారు. "బొమ్మలు తీసేయండి. గంట ఉండనివ్వండి, గంట మాకూ ఉంది కదండీ," అన్నారు.

కాపీ చేసి మిగిల్చుకున్న సమయమంతా ఆ సాయంత్రం బొమ్మలు తీయడానికే సరిపోయింది. పని ఎంత త్వరగా పాకుతుందో, పొరపాటూ అంతే త్వరగా పాకుతుందని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఏ ఆర్డరు బయల్దేరినా, మా అత్తగారే గుమ్మంలో నిలబడి అడిగేవారు. "అమ్మవారిని తీసేశారా?"