బాపమ్మ వడ్డించిన 'రెడీ'

నా చిన్నప్పుడు కోరుట్లలో మా వాడకట్టు మొత్తానికి ఒక్కడే దర్జీ. పిల్లలమంతా ఆయనను టైలర్ మామ అనేవాళ్లం. ఆయన కుట్టుపనికి వంక పెట్టినవారిని నేను చూడలేదు. అయితే ఆయన నోట తరచుగా వినిపించే 'రెడీ' అనే ఇంగ్లీషు మాట మాత్రం ఏ గడువుకూ కట్టుబడేది కాదు. బట్ట కత్తిరించినా రెడీయే, కత్తిరించకపోయినా రెడీయే.

నేను చెప్పబోయే సంగతి ఏ సంవత్సరం జరిగిందో రూఢిగా చెప్పలేను గనుక రాయడం లేదు. తారీఖులో సందేహం లేదు, ఆగస్టు పద్నాలుగు. మరునాడు బడిలో జెండా ఎగరేసేటప్పుడు జాతీయగీతం పాడే పిల్లల్లో నేనూ ఉన్నాను. తెల్ల జాకెట్టు లేనివారిని పాటలో నిలబెట్టనని పంతులమ్మ ముందే హెచ్చరించారు. నా తెల్లబట్ట జూలై నెల నుంచి టైలర్ మామ దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా "రెడీ బిడ్డా, గుండీలే తక్కువ" అనేవాడు.

ఆ పొద్దున కూడా అదే జవాబు విని ఏడుస్తూ ఇల్లు చేరాను. మా బాపమ్మ, అంటే మా నాన్నగారి తల్లి, నన్ను వెంటబెట్టుకొని ఆయన కొట్టుకు వెళ్లింది. నా బట్ట మేమిచ్చిన మడత చెదరకుండా అరలో కనిపిస్తోంది. బాపమ్మ దాన్ని చూసి కూడా కోప్పడలేదు.

"పిల్ల జాకెట్ ఏమైంది కొడుకా?"

"రెడీ పెద్దమ్మా, అయిపోయినట్టే!"

"సరే గని, ఏమన్న తిన్నవా?"

"యాడ తినుడు? పొద్దటిసంది మిషన్ దిగలే."

"అయితే మా ఇంటికి రా. బువ్వ రెడీ."

మామ సంతోషంగా మా వెంట వచ్చి, కాళ్లుచేతులు కడుక్కొని పీట మీద కూర్చున్నాడు. బాపమ్మ కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో గుప్పెడు బియ్యం, రెండు పచ్చి వంకాయలు, కాస్త చింతపండు ఉన్నాయి.

"తిను కొడుకా, రెడీ. పొయ్యి అంటువెట్టుడే తక్కువ."

మామ కంచాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆయన అలిగి వెళ్లిపోతే నా పాట పోయినట్టేనని భయపడ్డాను. కానీ ఆయన కడుపు పట్టుకొని నవ్వాడు.

"గిట్ల దొరకవట్టినవా పెద్దమ్మా! బట్ట ఇంక ముట్టనే లేదు. నువ్వు పొయ్యి అంటువెట్టు, నేను పోయి కత్తెర వడుత. ఎవలది ముందుగాల అయితదో సూద్దాం."

బాపమ్మ ఆ వంకాయలే కోసి కూర వండింది. వేడివేడి అన్నం గిన్నెలో పెట్టుకొని స్వయంగా కొట్టుకు వెళ్లి, దగ్గర కూర్చొని వడ్డించింది. ఉప్పు సరిపోయిందా అని అడిగిందే గాని జాకెట్టు మాట ఎత్తలేదు. పొద్దుగూకక ముందే జాకెట్టు గుండీలతో సహా మా ఇంటికి వచ్చింది. మరునాడు నేను ముందు వరుసలో నిలబడి పాడాను.

ఆ తర్వాత మామ మాకు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. "ఇంక కత్తెర వెట్టలే బిడ్డా, శుక్రవారం రా" అంటే శుక్రవారం చేతికిచ్చేవాడు.

ఇప్పటికీ ఎవరైనా ఫోనులో "రెడీయా?" అని అడిగితే, ఎంత అయిందో, ఎంత మిగిలిందో చెబుతాను. పని పూర్తయ్యేవరకు ఆ మాట నా నోట రాదు. ఇంకొకరు ఆ మాటను తేలికగా వాడి నన్ను తిప్పించుకున్నప్పుడు కోపం వస్తుంది. వచ్చినా, ముందుగా వారు అన్నం తిన్నారో లేదో అడుగుతాను.