ముళ్ల మేస్త్రి చెప్పని రంగు

బండ్ల వైరింగ్ చేసే ఆయన్ని అందరూ ముళ్ల మేస్త్రి అనేవారు. కొత్తవాళ్లు ఈ మనిషి ఎక్కడ గుచ్చుకుంటాడో అని జంకేవారు గానీ, అవి ఆ ముళ్లు కావు. ప్రతి తీగ చివరా ఆయన ముడి వేస్తాడు. రెండు ముళ్లుంటే ఫ్యూజు గుండా వచ్చేది, మూడుంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. "ఎందుకు మేస్త్రీ ఈ చాదస్తం? రంగులున్నాయిగా!" అని ఎవరైనా అంటే, "రంగు వెలుస్తుంది. ముడి వెలుస్తుందా?" అని నోరు మూయించేవాడు.

నిజం వేరే. ఆయనకి ఎరుపూ పచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. పని నేర్చుకునే రోజుల్లో ఎర్ర తీగ ఇవ్వమంటే పచ్చది అందించాడని గురువు నలుగురిలో చెంప పగలగొట్టాడు. ముప్పై ఏళ్లయినా ఆ చెంప ఇంకా మండుతూనే ఉంది. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. ఏం మనిషండీ! రంగులు తెలియకపోతే తల తీసేస్తారా? కానీ సంగతి బయటపడితే తన షెడ్డు గుమ్మం ఎవరు తొక్కుతారని ఆయన భయం.

కూతురికి ఒక పాత పికప్ ఉంది. గ్యాస్ సిలిండర్లు వేసుకుని ఎత్తు ఎక్కేసరికి దానికి తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని తండ్రీకూతుళ్లిద్దరూ వారం రోజులు ఒళ్లు హూనం చేసుకుని, తుక్కు కొట్లో దొరికిన పెద్ద ఇంజిన్ ఎక్కించారు. దానికి చోటు చాలక బ్యాటరీని వెనక తొట్టి కింద ఇనుప పెట్టెలోకి మార్చారు. వైరింగంతా మేస్త్రి కొత్తగా లాగాడు. ఇక తీగలు కలిపి, బ్యాటరీ తగిలించి, పెట్టె బోల్టులు బిగించడమే మిగిలింది.

ఆయన ఇంటికెళ్లి భోంచేసి వచ్చేసరికి కూతురు కటింగ్ ప్లయర్ పట్టుకుని నవ్వుతూ నిలబడింది.

"చూడు నాన్నా, తీగలన్నీ నల్ల పైపులోకి ఎక్కించేశా. ఎంత నీటుగా ఉందో!"

"ముళ్లేవే?"

"పైపులో దూరి చావలేదు. కోసేశా. రంగులున్నాయిగా!"

మేస్త్రి వంగి చూశాడు. పైపు చివర రెండు లావుపాటి తీగలు వేలాడుతున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది; ఆయన కళ్లకి రెండూ ఒకే మట్టిరంగు. తారుమారైతే బండి నడవకుండా పోదు, ఏ తేడా తెలియదు. తీగ మితిమీరి వేడెక్కినప్పుడు ఆపే ఫ్యూజు మాత్రం లైట్లూ వైపర్లూ ఉన్న దారిలో ఉండదు. టెస్ట్ ల్యాంపుతో రెండు చివర్లూ వెతికితే పావుగంట పని. కానీ కళ్లెదుట రంగులుండగా ల్యాంపు తీస్తే ఎందుకని అడుగుతుంది. ఏమని చెప్పాలి? కాస్త ముదురుగా అనిపించిన తీగనే ఫ్యూజుదనుకుని లైట్లకి కలిపేశాడు. అనుకున్నాడంతే!

తాళం తిప్పగానే ఇంజిన్ ఒక్క పిలుపుకే పలికింది.

"మా నాన్న చెయ్యి పడితే తిరుగుండదు!" అంది కూతురు.

"వానొస్తే లైట్లూ వైపర్లూ కలిపి వెయ్యకమ్మా."

"వానలో వెయ్యక ఎండలో వేస్తారా నాన్నా?" అని పకపకా నవ్వి, లోడు ఎక్కించుకోవడానికి వెళ్లిపోయింది.

గంటన్నరకి వాన దంచికొట్టింది. వీధిలో పురుగు లేదు. చెయ్యి ఊరుకోక మేస్త్రి షెడ్డు ఊడ్చాడు. చీపురుకి తీగ ముక్క తగిలింది. మూడు ముళ్లు. బ్యాటరీ తీగకి తాను వేసినవే. దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురు కోసం గుమ్మంలోకి వచ్చాడు. అప్పుడే ఫోను మోగింది.

"నాన్నా, కాలుతున్న కంపు! బండి ఆపేశా, తాళం తీసినా పొగ ఆగట్లేదు. బ్యాటరీ పెట్టె విప్పడానికి స్పానర్ లేదు. ప్లయర్ ఉంది, ఈ పొగలో ఒక్కటి కోసే వ్యవధే ఉంది. ఎర్రది కొయ్యనా, పచ్చదా? నేరుగా వచ్చేది ఏది?"

జవాబు ఆయన అరచేతిలోనే ఉంది. కళ్లు చించుకుని చూశాడు. మట్టిరంగు. అడుగుదామంటే చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు.

"నాన్నా, రంగు చెప్పు!"

"నాకు రంగులు తెలియవే తల్లీ."

"అదేంటి?"

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలియవు. ఆ ముళ్లు వేసింది అందుకే. మధ్యాహ్నం కూడా గుడ్డిగా కలిపేశాను. నోరు విప్పడానికి నాకు సిగ్గేసింది."

ఫోనులో చిటపటలాడుతున్నది వానో మంటో ఆయనకి అంతుపట్టలేదు.

"రెండూ వదిలెయ్. పరిగెత్తు!"

"వెనక సిలిండర్లున్నాయి నాన్నా!"

"అందుకే చెబుతున్నాను. పరిగెత్తవే!"

నీళ్లలో ఆమె చెప్పుల చప్పుడు మొదలైంది. ఎంత దూరం పోయిందో తెలియక, మూడు ముళ్ల ముక్కని పిడికిట్లో బిగించి, ఆయన "ఇంకా, ఇంకా" అంటూనే ఉన్నాడు.